కుంటింది ఏ కాలు?

తమ్ముడనేవాడు చిన్నప్పుడు చంక దిగడు, పెద్దయ్యాక దారికి అడ్డం లేవడు. డిటెక్టివ్‌కి ఉన్న ఒక్కగానొక్క తమ్ముడు ఈ రెండు బాధ్యతలనూ చాలా శ్రద్ధగా నిర్వర్తించాడు. బళ్ళో చదివే రోజుల్లో ఆవిడ పెన్సిల్‌తో ఆచితూచి సగం నింపుకున్న గళ్ళనుడికట్టును, ఆవిడ స్నానం చేసి వచ్చేలోగా మిగతా సగం ఇంకుతో నింపి పెట్టేవాడు. అక్షరాలన్నీ గళ్ళలో చక్కగా ఇమిడేవి. అర్థమే ఎక్కడా ఇమిడేది కాదు. "వాడెంత చురుకో చూశావా" అని తల్లి మురిసిపోయేది. ఆ చురుకుతనంతోనే పోలీసు ఇన్‌స్పెక్టరయ్యాడు. ఇప్పటికీ సెలవురోజున అక్కగారింటికి భోజనానికి వచ్చి, వెళ్ళేటప్పుడు వాన లేకపోయినా గొడుగు పట్టుకుపోతాడు. ఆ ఇంట్లో నాలుగు గొడుగులుండాలి. ఉన్నది ఒక పిడి.

ఇదంతా కడుపులో పెట్టుకోవచ్చు. కాని ఈసారి వాడు ఇంకుతో నింపింది గళ్ళను కాదు, లాకప్పును.

అందులో కూర్చున్నవాడి భార్య ఆ మధ్యాహ్నం డిటెక్టివ్ ఆఫీసుకు వచ్చింది. టైలరు. కుర్చీ అంచున కూర్చుని, చూపుడువేలికి ఉన్న సూది గాట్లను బొటనవేలితో తడుముకుంటూ మాట్లాడింది.

"మా ఆయన చంపలేదని చెప్పడానికి రాలేదండీ. చంపలేడని చెప్పడానికొచ్చాను."

"రెండిటికీ తేడా ఏమిటమ్మా?"

"చంపకపోవడం మంచితనం. అది పోలీసులు నమ్మరు. చంపలేకపోవడం మోకాలు. అదైనా నమ్ముతారేమోనని."

డిటెక్టివ్ కుర్చీ ముందుకు జరుపుకుంది. ఈ పిల్లతో మాట్లాడటం తేలికే అనిపించింది.

ఆ మోకాలి కథ ఊళ్ళో నాట్యం తెలిసినవాళ్ళందరికీ తెలిసిందే. అతన్ని సొంతపేరుతో ఎవరూ పిలవరు, బొంగరం అంటారు. ఒంటికాలి మీద అతను తిరుగుతుంటే చూసేవాళ్ళకు కళ్ళు తిరిగేవి. ఏడాది కిందట వేదిక మీద పలక విరిగి కాలు లోపలికి దిగబడింది. కుడి మోకాల్లో ఇనప పట్టీ వేశారు. అది వంగదు. వంగాలంటే ఇంకో ఆపరేషన్ చెయ్యాలి.

అలాంటివాళ్ళ కోసమే నాట్య సంఘం ఏటా ఒకసారి ముసుగు ఆట ఆడుతుంది. సంఘంలో నర్సులున్నారు, బస్సు డ్రైవర్లున్నారు, నాట్యమే కూడు పెట్టేవాళ్ళూ ఉన్నారు. ఆ రోజు అందరూ ఒకేలాంటి తెల్లముసుగు, ఒకేలాంటి నల్ల అంగీ వేసుకుని ఆడతారు. ఎవరి కష్టం కోసం టిక్కెట్లు అమ్ముతున్నారో వాళ్ళూ ఆ గుంపులోనే ఉంటారు. ఫలానావాడు చెయ్యి చాచాడని వేలెత్తి చూపడానికి వీల్లేకుండా పెద్దలు పెట్టిన పద్ధతి అది. ముసుగు వేసుకున్నాక నోరు విప్పకూడదు. ముసుగులో ఉన్నవాళ్ళను ఎవరూ పలకరించకూడదు.

మొన్న శనివారం ఆ ఆట చివరి అంకం జరుగుతుండగా, సంఘం డబ్బు చూసే పెద్దాయన, అందరూ తాళాల తాతయ్య అని పిలిచే ముసలాయన, వేదిక వెనక ఇనప మెట్ల కింద తల పగిలి చచ్చిపోయి కనిపించాడు. పైన అటక మీద ఉంచిన హుండీ పెట్టె పోయింది.

"పొద్దున గేటు దగ్గర మీ ఆయన తాతయ్యతో గొడవపడ్డాడట కదా?" అని అడిగింది డిటెక్టివ్.

"గొడవపడింది తాతయ్యండీ. 'సాయం అందుకుని అయిదు నెలలైంది, ఆ కాలు ఇంకా ఎందుకు బాగుచేయించుకోలేదురా, ఏం చేశావురా డబ్బు' అని కేకలేశారు. మా ఆయన బిత్తరపోయి, 'ఏ సాయం తాతయ్యా, నాకు కుదరదన్నారనుకున్నాను' అన్నాడు. ఆ మాటకి తాతయ్య మొహం సున్నం కొట్టినట్టయిపోయింది. 'నువ్వన్నా అబద్ధమాడుతున్నావు, నా కొంపన్నా మునిగింది' అని లోపలికి వెళ్ళిపోయారు."

"అయిదు నెలలుగా రాకపోతే అడగలేదేం?"

"అడగకూడదండీ. కష్టమొస్తే తాతయ్య చెవిలో ఒక్కసారి చెప్పుకోవాలి. అంతే. అందిందా లేదా అని ఎవరూ ఎవరితోనూ అనరు. అందుకున్నవాళ్ళు దణ్ణం కూడా పెట్టకూడదు. మాలో అది పరువు."

"తాతయ్యే తెచ్చి ఇస్తారా?"

"ఆయన ఈ వయసులో ఊరంతా తిరగలేరండీ. ఇంకెవరో తెచ్చి ఇస్తారు. ఎవరన్నది అందుకున్నవాళ్ళకి తెలుస్తుంది. మాకు అందలేదుగా, మాకెలా తెలుస్తుంది?"

డిటెక్టివ్ మనసులో లెక్క కట్టుకుంది. ఎవరూ నోరు విప్పని చోట దొంగకు అంతకన్నా మెత్తని పరుపు ఎక్కడ దొరుకుతుంది? ఇచ్చినవాడు అడగడు. పుచ్చుకోవాల్సినవాడు అడగలేడు. మధ్యలో ఉన్నవాడు హాయిగా నిద్రపోవచ్చు, ఒక ముసలాయన గేటు దగ్గర పొరపాటున నోరుజారి అడిగేదాకా.

"రేపు పదిగంటలకి మా సంఘంలో నాట్యం నేర్పే టీచరమ్మని మేజిస్ట్రేటు ముందు నిలబెడతారట," అంది టైలరు. "కుడికాలు ఈడ్చుకుంటూ వెళ్ళినవాణ్ణి కళ్ళారా చూశానని చెప్తారట. ఆవిడ చెప్పాక ఇంక మా ఆయన్ని ఎవరూ బయటికి తేలేరు. ఆవిడ అబద్ధమాడే మనిషి కాదండీ. నా భయమంతా అదే."

*

వేదిక వెనక, దుస్తులు దాచే అటక మీదికి వెళ్ళే మెట్లు గుండ్రంగా మెలికలు తిరిగి ఉన్నాయి. మధ్యలో ఇనప స్తంభం, దాని చుట్టూ అరచెయ్యంత వెడల్పు మెట్లు. కింద నేల మీద తాతయ్య పడినచోట సుద్దగీత ఇంకా చెరగలేదు. గీతకు అవతల ఇన్‌స్పెక్టర్ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"రా అక్కా. భోజనానికి పిలవడానికొచ్చావా, నా కేసు చెడగొట్టడానికొచ్చావా?"

"రెండూ ఒకే రోజు కుదరవు. పక్కకి జరుగు."

ఆట సామాన్ల గుట్టలోంచి ఆవిడ ఒక చెక్క కత్తి వెతికి తీసింది. దాన్ని కుడి మోకాలికి ఆనించి, సంచిలోంచి రెండు తువ్వాళ్ళు తీసి పైనా కిందా బిగించి కట్టింది. కాలు కర్రలా అయింది. మెట్లెక్కడం మొదలుపెట్టింది. మూడు మెట్లు ఎలాగో ఎక్కింది. మెలిక దగ్గరికి వచ్చేసరికి వంగని కాలు ఎటు పెట్టినా స్తంభానికో కటకటాలకో కొట్టుకుంటోంది. ఎడమ భుజం స్తంభానికి రుద్దుకుంటూ ఇంకో మెట్టు కోసం పెనుగులాడింది. చివరికి ఉన్నచోటే కూలబడి, చంటిపిల్లలా ఒక్కో మెట్టూ జారుతూ కిందికి వచ్చింది.

తమ్ముడు నవ్వాపుకోవడానికి పెద్దగా ప్రయత్నించలేదు. "బావకి ఫోన్ చెయ్యనా, స్ట్రెచర్ తెమ్మని?"

"కట్టు విప్పు ముందు. నేను నాలుగో మెట్టు దాటలేదు. బొంగరం అటక దాకా ఎక్కి, తాతయ్యని తోసి, పెట్టె చంకన పెట్టుకుని, ఆట పూర్తయ్యేలోగా దిగి పారిపోయాడా?"

"నీకు నలభై తొమ్మిదేళ్ళు. వాడు నాట్యగాడు. నొప్పి ఓర్చుకోవడమే వాళ్ళ చదువు. పైగా ఆట పూర్తయ్యాక వాడు కనబడలేదు. ఎవరికీ చెప్పకుండా ఇంటికి వెళ్ళిపోయాడు."

"పొద్దున నలుగురిలో దొంగన్నట్టు మాటపడ్డవాడు ఉండి ఏం చేస్తాడురా, చప్పట్లు కొడతాడా?" ఆవిడ మోకాలు రుద్దుకుంటూ కింది మెట్ల మీదికి వంగింది. "ఇది చూశావా?"

కింది నుంచి రెండో మెట్టు పక్కన కటకటాల ఊచ ఒకటి బయటికి వంగి ఉంది. తుప్పు లేచిన చోట ఇనుము కొత్తగా మెరుస్తోంది. ఊచకీ మెట్టుకీ మధ్య సందులో నల్లటి నూలుపోగు చిక్కుకుని ఉంది.

"తాతయ్య తల తగలడం వల్ల వంగి ఉంటుంది."

"తాతయ్య పైనుంచి బయటికి పడ్డాడు. నీ సుద్దగీత మెట్లకి బారెడు దూరంలో ఉంది. ఈ ఊచని లోపలి నుంచి కాలు వంచింది. తోసినవాడు ఆదరాబాదరా దిగుతూ ఇక్కడ కాలు ఇరికించుకున్నాడు. కుంటివాడు పైకెక్కలేదు తమ్ముడూ. దిగినవాడు కుంటివాడయ్యాడు."

ఇన్‌స్పెక్టర్ వంగి చూశాడు. ఒక్క క్షణం అతని మొహంలో నవ్వు తగ్గింది. తరవాత రెట్టింపై వచ్చింది.

"నువ్వు అటే వస్తావని నాకు తెలుసు. ఆ రోజు హాల్లో కొత్తగా కాలు బెణికినవాడు ఒక్కడే ఉన్నాడు. టీచరమ్మ భర్త, మైకులో ఆట కథ చెప్పే మైకు మామయ్య. చివరి అంకానికి మాటలుండవు, ఇరవై నిమిషాలు వాయిద్యమే. ఆ తరవాత ఆయన రావడం ఆలస్యమైంది. స్టేజి మెట్లు దిగుతూ కాలు మెలికపడిందన్నాడు. నేనేం వెర్రివాణ్ణా అక్కా? కట్టు విప్పించి మరీ చూశాను. ఎడమకాలు. సాక్షి చూసింది కుడికాలు."

"సాక్షి ఆయన భార్య. మొగుణ్ణి కాపాడుకోదా?"

"మొగుడి కాలు సంగతి ఆవిడకి తెలిసేసరికే ఆవిడ మా కానిస్టేబుల్‌కి కుడికాలని చెప్పేసింది. పదినిమిషాలైనా కాలేదప్పటికి. మళ్ళీ మర్నాడు స్టేషన్‌కొచ్చి అదే మాట చెప్పి సంతకం పెట్టింది. ముప్పైయేళ్ళుగా పొద్దున్నించి సాయంత్రం దాకా జనం కాళ్ళు చూడటమే ఆవిడ ఉద్యోగం. ఆవిడ కన్నా బాగా చూసేవాళ్ళెవరు? కోర్టుకి కావలసింది నీ చెక్క కత్తి విన్యాసం కాదు, సాక్షి."

"ఆవిడతో ఒకసారి మాట్లాడతాను."

"మాట్లాడు. నేను స్టేషన్‌కి పోతున్నా." గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. "అక్కా, మంచి సాక్షిని ఏడిపించావో, ఈసారి నీ మీదే కేసు రాస్తాను. రక్తసంబంధం చూడను."

"గొడుగుల సంబంధం చూడు, చాలు," అంది ఆవిడ.

వాడు వెళ్ళాక ఆవిడ సుద్దగీత పక్కన కాసేపు నిలబడింది. ఊచ ఒక మాట చెబుతోంది. సాక్షి ఇంకో మాట చెబుతోంది. ఇనుముకు అబద్ధమాడే అవసరం లేదు. అందరి మాట ప్రకారం టీచరమ్మకూ లేదు.

*

టీచరమ్మ అభ్యాసం గది, మెట్ల దగ్గర మొదలయ్యే నడవకు రెండో కొసన ఉంది. తలుపు తీసింది మైకు మామయ్యే. మనిషి కన్నా గొంతు ముందు పలకరిస్తుంది ఆయన్ని చూస్తే. నూనె రాసినట్టు నున్నగా, ఎక్కడా తొట్రుపాటు లేని గొంతు. ఎడమ చీలమండకు గుడ్డ కట్టు, కాలికి వెనక పట్టీ లేని చెప్పు.

"రండమ్మా, రండి. రేపటి సంగతి తలుచుకుని నిన్నటినుంచి అన్నం ముట్టలేదు మా ఆవిడ. మీరే కాస్త ధైర్యం చెప్పాలి. టీ తెస్తాను, కూర్చోండి."

నడవలో ఆయన అడుగుల చప్పుడు, ఒకటి గట్టిగా, ఒకటి మెల్లగా, దూరమైంది.

గదికి ఒక గోడ గోడంతా అద్దం. మిగతా మూడు గోడలకూ ఒక పటమైనా లేదు. టీచరమ్మ అద్దానికి వీపు పెట్టి చాప మీద కూర్చుంది. చిన్న మనిషి, నిటారు వెన్ను. కళ్ళ కింద నలుపు. డిటెక్టివ్ ఎదురుగా చతికిలపడింది.

"ఎన్నిసార్లు చెప్పించుకుంటారమ్మా నాతో," అంది టీచరమ్మ. "తాతయ్య నా చేత మొదటి అడుగు వేయించిన మనిషి. బొంగరం నా చేతుల్లో పెరిగినవాడు. ఇద్దర్నీ ఒకేసారి పోగొట్టుకున్నాను. చూసింది చెప్పకుండా ఉండలేను, చెప్పి బతకలేను."

"ఎక్కడున్నారప్పుడు?"

"ఆ గుమ్మంలో. అంగీలు మడతపెట్టడానికి చోటు సర్దుతున్నాను. వాయిద్యం మధ్యలో దబ్బుమని ఏదో పడ్డ చప్పుడైంది. ఆటలో భాగమేమో అనుకున్నాను. నడవలో దీపం కింద నుంచి ముసుగుతో ఒకరు నాకెదురుగా వచ్చారు. కుడికాలు ఈడుస్తున్నారు. అంగీ కింద ఏదో పట్టుకున్నారు. పక్క తలుపు తీసుకుని బయటికి పోయారు."

"పలకరించలేదా?"

"ముసుగులో ఉన్నవాళ్ళని పలకరించం కదమ్మా. బొంగరమే, నొప్పెక్కి మధ్యలో వచ్చేశాడనుకున్నాను. వాడు సిగ్గుపడతాడని తల తిప్పుకున్నాను." ఆవిడ గుమ్మం వైపు చూసింది. "తల తిప్పుకున్నాను చూడండి."

డిటెక్టివ్ మాట మార్చింది. "మామయ్యగారు మీకు బాగా చేదోడట కదా."

టీచరమ్మ మొహం కొంచెం తేటపడింది. "ఆయన సంఘానికి చేసే సేవ నలుగురికీ తెలీదు. తెలియకూడదు కూడాను. ఇప్పుడింక తాతయ్యే లేరు కాబట్టి చెప్తున్నాను. ఏళ్ళ తరబడి కష్టంలో ఉన్నవాళ్ళ ఇళ్ళకి డబ్బు కవర్లు మోసింది ఈయనే. ఎవరికి ఇచ్చొచ్చారో కట్టుకున్న పెళ్ళాన్ని, నాకు కూడా ఒక్కనాడు చెప్పలేదు. అంత నిష్ఠ."

డిటెక్టివ్ మొహం కదలనివ్వలేదు. కవర్లు మోసినవాడు దొరికాడు. కాలు బెణికినవాడు కూడా అతనే. మధ్యలో కొండలా అడ్డం నిలబడింది ఈ నిజాయితీపరురాలి మాట ఒక్కటే.

"అయ్యో, మీ కుడి భుజమంతా తుప్పు," అంది టీచరమ్మ ఉన్నట్టుండి. "దులుపుకోండి, మరకైపోతుంది."

డిటెక్టివ్ కుడి భుజం దులుపుకుంది. ఏమీ రాలలేదు.

"అటు కాదమ్మా, ఇటు, కుడివైపు." టీచరమ్మ ముందుకు వంగి, డిటెక్టివ్ ఎడమ భుజం మీద చెయ్యి వేసి తుప్పు రాల్చింది.

డిటెక్టివ్ ఆ చెయ్యి వంకా, తన భుజం వంకా చూసింది.

"టీచర్‌గారూ," అంది డిటెక్టివ్ నెమ్మదిగా. "మీరు పిల్లలకి ఎటు తిరిగి నేర్పిస్తారు?"

"అద్దం వైపు. నా వీపు వాళ్ళకి పెట్టి. ఎదురుగా నిలబడి నేర్పితే వాళ్ళు కుడి ఎడమలు కలిపేస్తారు. నేను వెనక్కి తిరగను. అందర్నీ అద్దంలోనే చూస్తాను, తప్పులు అద్దంలోనే దిద్దుతాను. మొదటినుంచీ అంతే."

"ఒకసారి అలా నిలబడతారా?"

టీచరమ్మ లేచి అద్దం వైపు తిరిగింది. డిటెక్టివ్ ఆవిడ వెనక నిలబడి చెయ్యెత్తింది.

"ఏ చెయ్యి?"

"కుడి."

"ఇప్పుడు?"

"ఎడమ." రెండూ సరిగ్గా చెప్పింది. తడుముకోలేదు.

"ఇప్పుడు నా వైపు తిరగండి. ఏ చెయ్యి?"

"కుడి," అంది టీచరమ్మ.

"మీ చెయ్యి నా చేతికి ఆనించండి. మీ సొంత చేతులు చూసుకుని, నాలాగే నిలబడ్డట్టు ఊహించుకుని చెప్పండి. తొందరేం లేదు."

టీచరమ్మ పెదవులు కదిలాయి. తన చేతులు చూసుకుంది. డిటెక్టివ్ చెయ్యి చూసింది. మెల్లగా డిటెక్టివ్ పక్కకు వచ్చి, ఆవిడలాగే తిరిగి నిలబడి, తనూ అదే వైపు చెయ్యెత్తింది. ఎత్తిన చేతిని దించలేదు.

"ఇది ఎడమ," అంది గొణుగుతున్నట్టు.

"అద్దంలో మీ కుడివైపున కనిపించేది వాళ్ళ కుడే. అద్దం లేకుండా మనిషి ఎదురుగా వస్తే, మీ కుడివైపున ఉండేది వాళ్ళ ఎడమ. అందరూ చిన్నప్పుడే ఇది నేర్చుకుని మర్చిపోతారు. మీరు మాత్రం ముప్పైయేళ్ళు అద్దంలోనే బతికారు. నడవలో అద్దం లేదమ్మా."

"ఆయన ఎప్పుడూ దిద్దుతూనే ఉంటారు నన్ను," అంది టీచరమ్మ, తనలో తను మాట్లాడుకుంటున్నట్టు. "దారి చెప్పినా, ఎదుటివాళ్ళ చెంప మీద మరక చూపించినా. 'నీకెప్పటికి తెలుస్తుందే' అని నవ్వుతారు. ఆ రాత్రి కట్టు కడుతూ, 'కుడికాలికి ఎంత దెబ్బ తగిలిందండీ' అన్నాను. 'కుడి కాదు, ఎడమ' అన్నారు."

ఆవిడ తన చేతుల వంక మళ్ళీ చూసుకుంది.

"మర్నాడు స్టేషన్‌కి మీతో ఎవరొచ్చారు?" అని అడిగింది డిటెక్టివ్.

టీచరమ్మ జవాబు చెప్పేలోగా తలుపు తెరుచుకుంది. ఆవిడ తల తిప్పలేదు. అలవాటు ప్రకారం చూపు అద్దంలోకి వెళ్ళింది. అద్దంలో మైకు మామయ్య ట్రే పట్టుకుని లోపలికి వచ్చాడు. మూడు కప్పులు. అడుగు వేసినప్పుడల్లా అద్దంలో ఎడమవైపు కాలు ఒక క్షణం వెనకబడి, ఈడుచుకుంటూ వచ్చి చేరుతోంది.

ఆవిడ ఆ కాలు వంకే చూస్తూ ఉండిపోయింది. అంగీ, ముసుగు ఆ నడక మీద ఒక్కొక్కటే కప్పి చూస్తున్నట్టుంది ఆ చూపు.

"మీరు నా పక్కనే కూర్చున్నారు," అంది అద్దంతో. "ఇన్‌స్పెక్టర్‌గారి ముందు. కుడికాలని నేను మూడుసార్లు అన్నాను. ప్రతి చిన్నదానికీ దిద్దుతారే. ఆ రోజు దిద్దలేదేం?"

ట్రేలో కప్పులు ఒకదానికొకటి తగిలి చిన్నగా మోగాయి. మైకు మామయ్య ట్రేని కిటికీ గట్టు మీద పెట్టాడు. వెనక్కి రెండడుగులు వేసి, తలుపు మూసి, గడియ పెట్టాడు. చాలా నిదానంగా చేశాడు ఆ పని.

"నువ్వు అలిసిపోయావు," అన్నాడు. గొంతులో ఇంకా ఎక్కడా గరుకు లేదు. "ఈవిడెవరో వచ్చి ఏదో గారడీ చేస్తే నమ్మేస్తావా? నువ్వు చూసింది నువ్వు చూశావు. రేపు పదిగంటలకి అదే చెప్తావు. మన ఇల్లు, మన పేరు, ఈ గది, అన్నీ ఆలోచించుకుని మాట్లాడు."

"తాతయ్య మిమ్మల్ని ఏమడిగారు?"

"ఏమీ అడగలేదు."

"అటక మీద ఏమడిగారండీ?"

ఆయన నిలబడ్డ తీరు డిటెక్టివ్‌కు నచ్చలేదు. మంచి కాలి మీద బరువు మార్చుకుంటున్నాడు. కుడిచెయ్యి తలుపు పక్కన ఆనించి ఉన్న ఇనప గొట్టం మీదికి, తెరలు వేలాడదీసే గొట్టం అది, ఊరికే ఆసరాకన్నట్టు చేరింది. హాలంతా ఖాళీ. తమ్ముడు స్టేషన్ చేరి ఉంటాడు. మధ్యలో పది నిమిషాల దారి.

డిటెక్టివ్ సంచిలోంచి ఫోను తీసి నొక్కింది. అవతల మొదటి మోతకే ఎత్తాడు.

"అప్పుడే ఏడిపించేశావా ఆవిణ్ణి?" అన్నాడు తమ్ముడు. ఆ నిశ్శబ్దంలో మాట గదంతా వినబడింది.

"ఆవిడే నీతో మాట్లాడతారట. నాట్యం గదిలో ఉన్నాం, తలుపుకి గడియ ఉంది, మామయ్యగారు కూడా ఇక్కడే ఉన్నారు. మాట వింటూ బండెక్కు."

ఆవిడ ఫోను టీచరమ్మ చేతికిచ్చి, తను టీచరమ్మకూ ఆ గొట్టానికీ మధ్యలోకి జరిగింది. మోకాలు ఇంకా సలుపుతూనే ఉంది. ఇందాక కత్తి కట్టిన కాలు అవసరమైనంత వేగంగా కదులుతుందో లేదో ఆవిడకే నమ్మకం లేదు.

"వద్దు," అన్నాడు మైకు మామయ్య. "నిన్ను ముప్పైయేళ్ళు గుండెల మీద పెట్టుకుని చూసుకున్నాను. ఆ ఫోను పెట్టెయ్."

టీచరమ్మ అప్పుడు వెనక్కి తిరిగింది. అద్దాన్ని వదిలి, ఆయన ఎదురుగా, నేరుగా ఆయన కళ్ళలోకి చూస్తూ ఫోను చెవికి పెట్టుకుంది. వెన్ను వంగలేదు.

"బాబూ, నేను నాట్యం టీచర్‌ని," అంది. "మీ దగ్గర సంతకం పెట్టిన మాట ఒకటుంది. అది కొట్టెయ్యండి. ఆ పిల్లాణ్ణి ఇంటికి పంపించండి." ఊపిరి తీసుకుంది. ఎదుట ఉన్న మనిషి కాలి వైపు చెయ్యి చాపి, తను అటు తిరిగి నిలబడ్డట్టు వేళ్ళతో ఒకసారి సరిచూసుకుంది. "నేను చూసింది ఎడమకాలు. కుడి అని చెప్పాను. తప్పు నాదే బాబూ, నేను తప్పు చెప్పాను."